డాకింగ్‌లో మైనస్ 9.8 వచ్చింది, ఇది మందు అవుతుందా?

చీనీతోట, అనంతపురం
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్ట్ షుగర్ జబ్బు మీద. డీపీపీ-4 అనే ప్రొటీన్‌ను ఆపే కొత్త అణువుల కోసం వెతకాలి. మన సీమ కొండల్లో, పొలం గట్ల మీద పెరిగే మొక్కల్లో ఉన్నాయని పేపర్లలో రాసిన 42 అణువులను పోగుచేసి ఆటోడాక్ వీనా అనే సాఫ్ట్‌వేర్‌లో డాకింగ్ చేశాను, అంటే ఒక్కో అణువు ఆ ప్రొటీన్‌కు ఎంత గట్టిగా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టాను. స్కోర్ మైనస్‌లో ఎంత ఎక్కువుంటే అంత మంచిది. అన్నిట్లోకీ రూటిన్ అనే అణువుకు మంచి స్కోర్ వచ్చింది, మైనస్ 9.8. పోలిక కోసం పెట్టిన షుగర్ మందు సిటాగ్లిప్టిన్‌కు మైనస్ 8.6 మాత్రమే.

మా గైడ్ "బాగుంది, పట్టికలు వేసి థీసిస్ రాసెయ్" అన్నారు. రాయడం మొదలుపెట్టాను కూడా. కానీ ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు ఒకటి జరిగింది. మా నాయనకు తొమ్మిదేళ్ళుగా షుగర్. ఆయన వేసుకునేది సిటాగ్లిప్టినే. మాత్ర చేతిలో పెట్టుకుని "దీనికన్నా మంచిది కనుక్కున్నావా పాపా?" అని అడిగాడు. ఔనని నోరు తెరిచి చెప్పలేకపోయాను. కాదని చెప్పడానికీ కారణం తెలియలేదు.

రూటిన్ నిజంగా ఆ మందుకన్నా గట్టిగా అతుక్కుంటుందా? స్కోర్ కాకుండా ఇంకేం చూడాలి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మందుల షాపు, ప్రొద్దుటూరు
సోమవారం, రాత్రి 11:05

మా షాపులో సిటాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్లు పోని రోజు లేదు. 2022లో సిటాగ్లిప్టిన్ పేటెంట్ అయిపోయాక రేటు బాగా తగ్గింది, అప్పటి నుంచి ఇంకా ఎక్కువ మంది వాడుతున్నారు. ఇరవై ఏళ్ళుగా మందులు అమ్ముతున్న నాకే ఒక సందేహం ఉంది, అడగడానికి మొహమాటం లేదు. ఆ ప్రొటీన్‌ను ఆపితే రక్తంలో షుగర్ ఎందుకు తగ్గుతుంది?

చీనీతోట, అనంతపురం
సోమవారం, రాత్రి 11:20

మనం అన్నం తినగానే పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తుంది సార్. ఇన్సులిన్ వదలమని పాంక్రియాస్‌కు చెప్పేది అదే. డీపీపీ-4 దాని కొస నుంచి రెండు అమైనో ఆమ్లాలు తుంచేస్తుంది. దాంతో ఆ హార్మోన్ రెండు మూడు నిమిషాలకే పనికిరాకుండా పోతుంది. కత్తెర లాంటి ఆ ప్రొటీన్ నోట్లో ఏదైనా అడ్డం పెడితే హార్మోన్ ఇంకాసేపు బతుకుతుంది, ఇన్సులిన్ వస్తుంది. సిటాగ్లిప్టిన్ అలా అడ్డం కూర్చునే అణువు. 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది.

కడప కెమిస్ట్
మంగళవారం, ఉదయం 6:20

తమ్ముడూ, ముందు ఆ మైనస్ 9.8ని పక్కన పెట్టు. రూటిన్ ఆ ప్రొటీన్‌లో ఎక్కడ కూర్చుందో కంటితో చూశావా? నీ పోస్టులో స్కోర్ ఉంది కానీ చోటు లేదు.

మాది కడప, పద్నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లో ఇదే పని. మొదటి రెండేళ్ళు నేనూ స్కోర్ పట్టికలు పట్టుకుని మీటింగుల్లోకి వెళ్ళేవాణ్ణి. కాబట్టి నీ బాధ తెలుసు.

రూటిన్ అణుభారం 610. హైడ్రోజన్లు వదిలేస్తే 43 పరమాణువులు. సిటాగ్లిప్టిన్ అణుభారం 407, పరమాణువులు 28. వీనా ఏం చేస్తుందంటే, అణువులోని ఒక్కో పరమాణువు ప్రొటీన్‌కు ఎంత దగ్గరగా ఆనిందో చూసి కొంచెం కొంచెం మార్కులు కలుపుతూ పోతుంది. పెద్ద అణువుకు ఆనే చోట్లు ఎక్కువ, మార్కులూ ఎక్కువ. 9.8ని 43తో భాగించు, 0.23 వస్తుంది. 8.6ని 28తో భాగిస్తే 0.31. ఒక్కో పరమాణువు ఎంత పని చేస్తోందో చూస్తే మీ నాయన మాత్రే ముందుంది. ఏ ప్రొటీన్‌కు డాకింగ్ చేసినా రూటిన్ పట్టికలో పైకి తేలుతుంది, చాలా పేపర్లలో చూశాను. పైగా దానికి హైడ్రోజన్ బంధాలు ఇచ్చే గుంపులు 10, తీసుకునేవి 16. నోటితో మింగే మందుకు 1997లో లిపిన్‌స్కీ అనే శాస్త్రవేత్త చెప్పిన హద్దులు 5, 10. అణుభారం 500 హద్దు కూడా దాటింది. నోటితో మింగితే పేగు గోడ దాటి రక్తంలోకి ఆ రూపంలో వెళ్ళడం కష్టం.

ఇంకో మాట. 9.8కీ 8.6కీ తేడా 1.2 కిలోకేలరీలు. వీనా తయారుచేసినవాళ్ళు 2010లో పేపర్ రాసినప్పుడు తమ లెక్క ప్రయోగంలో కొలిచిన విలువలతో ఎంత తేడా పడుతోందో వాళ్ళే రాశారు. స్టాండర్డ్ ఎర్రర్ 2.85 కిలోకేలరీలు. 1.4 కిలోకేలరీలు మారితే అతుక్కునే బలం పది రెట్లు మారినట్టు. అంటే 2.85 అనేది వంద రెట్లకు పైమాటే. అంత ఊగే తక్కెడలో 1.2 తేడా చూసి ఏది ఎక్కువో తేల్చలేం. సిటాగ్లిప్టిన్ 18 నానోమోలార్ దగ్గరే, అంటే అతి తక్కువ గాఢతలోనే, ఎంజైమ్ పనిని సగానికి తగ్గిస్తుంది. అది ల్యాబ్‌లో కొలిచిన సంఖ్య. నీది కంప్యూటర్ లెక్కగట్టిన సంఖ్య. ఈ రెండూ ఒక జాతివి కావు.

ఈరోజు ఒక్క పని చెయ్యి. నువ్వు వాడిన క్రిస్టల్ స్ట్రక్చర్‌లో, అంటే ప్రయోగంలో తీసిన ప్రొటీన్ ఆకారంలో, సిటాగ్లిప్టిన్ ముందే కూర్చుని ఉంటుంది. దాన్ని బయటికి తీసి, ఏమీ తెలియనట్టు మళ్ళీ డాక్ చెయ్యి. అసలు చోటికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తిరిగి రావాలి (ఆంగ్‌స్ట్రామ్ అంటే పరమాణువంత చిన్న కొలత). రాకపోతే మిగతా 42 గురించి మాట్లాడుకోవడం దండగ. వీనా వెతికే చోటు, ఆ బాక్స్, ఎంత పెట్టావో కూడా రాయి.

చీనీతోట, అనంతపురం
మంగళవారం, ఉదయం 7:45

తమ్ముడు కాదన్నా, చెల్లెల్ని. బాక్స్ ప్రొటీన్ మొత్తాన్ని కమ్మేలా పెట్టాను. సీనియర్ల రికార్డులో అలాగే ఉంది. మొదలయ్యేటప్పుడు తెరమీద ఏదో వార్నింగ్ వచ్చేది, రన్ ఆగలేదు కదా అని వదిలేశాను.

కడప కెమిస్ట్
మంగళవారం, ఉదయం 8:10

అయ్యో, ఏమనుకోకు చెల్లీ. ఆ వార్నింగే నీకు విషయం చెప్పింది. బాక్స్ 27,000 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే వీనా హెచ్చరిస్తుంది. అంటే ఒక్కో వైపు 30. అంతకన్నా పెద్ద చోట వెతకమంటే వెతుకుడు పల్చబడుతుంది. ఊరంతా వెతకమని చెప్పి పది నిమిషాలు టైమిస్తే ఏ ఇంట్లోనూ సరిగా చూడలేం కదా. క్రిస్టల్‌లో మందు ఉన్న చోటు చుట్టూ చిన్న బాక్స్ పెట్టి చూడు.

చీనీతోట, అనంతపురం
బుధవారం, రాత్రి 1:15

నిద్ర పట్టలేదు, అందుకే ఈ టైంలో రాస్తున్నాను.

ముందు పాత రూటిన్ పోజ్, అంటే అది కూర్చున్న తీరు చూపే ఫైలు, తెరిచాను. ప్రొటీన్ బూడిద రంగులో, రూటిన్ పసుపులో పెట్టి తిప్పాను. డీపీపీ-4లో ఒక భాగం ఎనిమిది రెక్కల ఫ్యానులా ఉంటుంది, నడుమ సొరంగంలా ఖాళీ. రూటిన్ ఆ సొరంగానికి బయటి కొసన కూర్చుంది. హార్మోన్‌ను తుంచే పని జరిగేది సెరీన్ 630 అనే అమైనో ఆమ్లం దగ్గర. అది లోపల ఎక్కడో ఉంది. మూడు నెలలుగా అందరికీ చూపిస్తున్న నా నంబర్ వన్ అణువు కత్తెర నోటి దాపుల్లో కూడా లేదు. ఆ ఫైలు నా దగ్గరే ఉంది, ఒక్కసారీ తెరవలేదు. స్కోర్ కాగితమే తెరిచాను.

తర్వాత సిటాగ్లిప్టిన్. చిన్న బాక్స్, ఒక్కో వైపు 24. ఈసారి పాకెట్‌లోకే, అంటే మందు కూర్చునే గుంటలోకే వచ్చింది కానీ తలకిందులుగా. ఫ్లోరిన్లు ఉన్న బెంజీన్ వలయం లోపలికి వెళ్ళాల్సింది బయటికి చూస్తోంది. తేడా 6.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే. ఏం తప్పు చేస్తున్నానో తెలియడం లేదు.

కడప కెమిస్ట్
బుధవారం, ఉదయం 6:05

అణువు ఫైలు ఎక్కడి నుంచి తెచ్చావు? అందులో అమైన్ ఉన్న కార్బన్‌ను ఒకసారి చూడు. అలాంటి అణువుకు అద్దంలో ప్రతిబింబాల్లా ఆర్, ఎస్ అని రెండు రూపాలుంటాయి, మందు ఆర్ రూపం. నీ ఫైలులో ఏ రూపం ఉంది?

చీనీతోట, అనంతపురం
బుధవారం, మధ్యాహ్నం 1:30

అన్నా! ఎస్ రూపం ఉంది. కాగితం మీద గీసినట్టు చదునుగా ఉన్న బొమ్మ నుంచి త్రీడీ చేశాను. ఏ వైపు తిరగాలో అందులో లేదు, సాఫ్ట్‌వేర్ తనకు తోచిన వైపు తిప్పేసింది. ఎడమకాలి చెప్పును కుడికాలికి తొడుగుతూ పాదం తప్పనుకున్నాను.

ఆర్ రూపం పెట్టి మళ్ళీ చేశాను. తేడా 0.9. క్రిస్టల్‌లో ఉన్న మందు మీద నా మందు దాదాపు అతికినట్టు పడింది. ఫ్లోరిన్ల వలయం ఎస్-1 అనే లోతైన గుంటలోకి దిగింది. అమైన్ గ్లుటమేట్ 205, 206 మధ్యకి వచ్చి రెండిటినీ పట్టుకుంది. ఫీనైల్ అలనీన్ 357 పక్కన అవతలి వలయం ఆనుకుంది. తెర ముందు లేచి నిలబడ్డాను. నాయన రోజూ పొద్దున నీళ్ళతో మింగే మాత్ర లోపల ఏం చేస్తుందో మొదటిసారి చూశాను.

కడప కెమిస్ట్
బుధవారం, మధ్యాహ్నం 2:10

శభాష్. ఇప్పుడు నీ చేతిలో పనిచేసే కొలబద్ద ఉంది.

ఒకటి గుర్తుపెట్టుకో. ఆ అమైన్ మీద పాజిటివ్ ఛార్జి, గ్లుటమేట్ల మీద నెగటివ్ ఛార్జి. మందు గట్టిగా పట్టుకోవడానికి అది పెద్ద కారణం. వీనా మామూలు స్కోరింగ్ ఛార్జీలను లెక్కలోకి తీసుకోదు, దాన్ని మామూలు హైడ్రోజన్ బంధంగానే చూస్తుంది. అందుకే సిటాగ్లిప్టిన్‌కు దాని అర్హతకన్నా తక్కువ మార్కులు పడ్డాయి. నీ 42లో ఆ రెండు గ్లుటమేట్లకు చెయ్యి అందించేది ఏదైనా ఉందా అని వెతుకు. స్కోర్‌తో కాదు, ఈ ప్రశ్నతో వెతుకు.

బురుజు మాస్టారు, కర్నూలు
బుధవారం, రాత్రి 8:30

అమ్మా, నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్ల సంగతి అంతగా తెలియదు. కానీ తలకిందులైన పోజ్ గురించి నువ్వు రాసింది చదివాక ఒక పాత కథ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మనందరికీ తెలుసు. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలోని సుబ్బారావు ఆయనే. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దాన్ని పోలిన అణువులనూ చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడే. అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఈ మందు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. ఫోలిక్ ఆమ్లానికీ మెథోట్రెక్సేట్‌కూ పోలిక ఎంత దగ్గరంటే, ఒక చోట ఆక్సిజన్ బదులు అమైనో గుంపు, ఇంకో చోట ఒక మిథైల్, అంతే తేడా. అంత పోలిక ఉన్నప్పుడు రెండూ ఎంజైమ్‌లో ఒకేలా కూర్చుంటాయని ఎవరైనా అనుకుంటారు. 1977లో మెథోట్రెక్సేట్ కూర్చున్న ఎంజైమ్ క్రిస్టల్ స్ట్రక్చర్ వచ్చింది. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, మెథోట్రెక్సేట్ తల భాగంలోని జంట వలయం ఫోలేట్‌లో ఉండే దానికి సరిగ్గా 180 డిగ్రీలు తిరగబడి కూర్చుంటుంది. ఆ ఒక్క అమైనో గుంపు వల్ల ఎంజైమ్‌లోని ఆస్పార్టేట్‌ను పట్టుకునే తీరే మారిపోయింది.

క్లాసులో ఈ రెండు బొమ్మలూ బోర్డు మీద పక్కపక్కన గీసి, ఎలా కూర్చుంటాయో చెప్పమని అడిగేవాణ్ణి. ఇన్నేళ్ళలో తిరగబడుతుందని చెప్పిన పిల్లవాడు లేడు. నేనూ మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు. కాగితం మీది పోలిక వేరు, పాకెట్‌లో కూర్చునే తీరు వేరు.

మందుల షాపు, ప్రొద్దుటూరు
బుధవారం, రాత్రి 9:15

మాస్టారూ, మెథోట్రెక్సేట్ పేరు వినగానే ఒక మాట చెప్పాలి. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ మాత్ర అలవాటున్న పెద్దవాళ్ళు పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నేను కవరు మీద ఎర్ర పెన్నుతో వారం పేరు రాసి, ఇంట్లో చదువుకున్నవాళ్ళకు ఫోన్ చేసి మరీ చెబుతాను. సుబ్బారావు గారి మందని ఈరోజే తెలిసింది.

ఇంకోటి. తాళం, తాళంచెవి అని మీరంతా చెబుతుంటారు. మా తాతలది బంగారం పని. రాయి పొదిగేటప్పుడు గూడు ముందే చేసి పెడతారు కానీ రాయి కూర్చున్నాకే చుట్టూ ఉన్న పళ్ళు రాయి మీదికి వంచుతారు. ప్రొటీన్ కూడా అలా మందు వచ్చాక సర్దుకుంటుందా?

కడప కెమిస్ట్
బుధవారం, రాత్రి 9:50

సర్దుకుంటుంది సార్. తాళంచెవి మాట ఎమిల్ ఫిషర్ 1894లో అన్నది. తాళం కదలదు, ప్రొటీన్ కదులుతుంది. మీ రాయి పొదిగే పోలిక నేను వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి. డాకింగ్‌లో మాత్రం మనం సాధారణంగా పళ్ళు వంగని గూడులో రాయిని పెట్టి చూస్తాం. చాలా తప్పులకు మూలం అదే.

ఆదోని అక్క
గురువారం, ఉదయం 11:00

నేను సైన్స్ చదవలేదు. మా ఆయన జబ్బు గురించి వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది, అంతా చదివాను. తప్పయితే క్షమించండి.

మా ఆయనకు సీఎంఎల్, అంటే రక్తం క్యాన్సర్. ఆరేళ్ళు ఇమాటినిబ్ వేసుకున్నారు, రోజుకు 400 మిల్లీగ్రాములు. పొలానికి వెళ్ళేవారు, మామూలుగానే ఉన్నారు. ఈ ఏడాది లెక్కలు మళ్ళీ పెరిగాయి. డాక్టరు గారు ఒక పరీక్ష చేయించి, టీ315ఐ అని వచ్చింది, ఈ మందు ఇక పనిచేయదు, మార్చాలి అన్నారు. హడావిడిలో ఎక్కువ అడగలేకపోయాం. మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదు. మావల్ల ఏమైనా తప్పు జరిగిందా? ఆ టీ315ఐ అంటే ఏమిటి?

కడప కెమిస్ట్
గురువారం, మధ్యాహ్నం 12:40

అక్కా, మీవల్ల ఏ తప్పూ జరగలేదు. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి.

సీఎంఎల్‌లో 9, 22 నంబర్ల క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ దాన్ని కనిపెట్టారు. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ పుడుతుంది. అది ఆగకుండా "పెరగండి, పెరగండి" అని కణాలకు చెబుతూనే ఉంటుంది. దాని పాకెట్‌లో కూర్చుని నోరు మూయించే అణువే ఇమాటినిబ్. 2001లో అనుమతి వచ్చింది.

ప్రొటీన్ అంటే పూసల దండ అనుకోండి. 315వ పూస పేరు త్రియొనిన్. పాకెట్ వాకిట్లో ఉంటుంది, మేం దాన్ని కాపలాదారు అంటాం. ఇమాటినిబ్ లోపల కూర్చున్నాక ఈ త్రియొనిన్‌తో ఒక హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది, చెయ్యి పట్టుకున్నట్టు. జన్యువులో ఈ పూసకు రాసి ఉన్న మూడు అక్షరాలు ఏ, సీ, టీ. కణాలు కోట్ల సార్లు విడిపోతుంటే ఎక్కడో ఒక్క కణంలో నడిమి సీ కాస్తా టీ అవుతుంది. త్రియొనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తుంది, టీ315ఐ అంటే ఇదే. దానికి పట్టుకోవడానికి చెయ్యి లేదు, పైగా లావు ఎక్కువ, దారికి అడ్డం వస్తుంది. మిగతా కణాలను మందు అణిచివేస్తుంటే ఈ ఒక్క కణం సంతానం మాత్రం పెరుగుతూ పోతుంది. మాత్ర మానడం వల్ల వచ్చింది కాదు ఇది. ఒక్క అక్షరం మారడం వల్ల వచ్చింది.

దీనికి మందులు ఉన్నాయి. 2012లో వచ్చిన పోనాటినిబ్‌ను ఈ మార్పును దృష్టిలో పెట్టుకునే గీశారు. అణువు నడుమ రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలు పెట్టారు. ఆ భాగం సూదిలా సన్నగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ఐసోల్యూసిన్ లావుకు తగలకుండా పక్కనుంచి లోపలికి వెళుతుంది. దానితో రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది, అందుకే డాక్టర్లు గుండెను, బీపీని జాగ్రత్తగా చూస్తూ ఇస్తారు. 2021లో వచ్చిన అసిమినిబ్ ఆ వాకిలి జోలికే పోదు. అదే ప్రొటీన్‌కు వెనకవైపు ఉన్న ఇంకో గుంటలో కూర్చుంటుంది. మీకు ఏది సరిపోతుందో చెప్పాల్సింది డాక్టరు గారే. ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసుకెళ్ళి అడగండి. ఏమీ అనుకోరు.

ఆదోని అక్క
గురువారం, రాత్రి 7:20

ఇది ఆయనకు చదివి వినిపించాను. "ఒక్క అక్షరమా?" అని రెండుసార్లు అడిగారు. మాత్ర వేసుకునే టైం అటూ ఇటూ అయిందని ఇన్నాళ్ళూ తనని తాను తిట్టుకుంటున్నారు. ఈరోజు అన్నం సరిగా తిన్నారు.

పైన చీనీతోట అన్న పేరు చూసి గుర్తొచ్చింది. ఇమాటినిబ్ మొదలుపెట్టినప్పుడు కొన్ని పండ్ల రసాలు వద్దన్నారు. అప్పటి నుంచి చీనీ రసం కూడా మానేశాం. అదీ వద్దా?

మందుల షాపు, ప్రొద్దుటూరు
గురువారం, రాత్రి 8:00

అక్కా, ఆ హెచ్చరిక ద్రాక్షపండు అని కాకుండా గ్రేప్‌ఫ్రూట్ అని ఉంటుంది. ద్రాక్ష వేరు, అది వేరు. గ్రేప్‌ఫ్రూట్ అనేది పంపరపనసకూ తియ్య నారింజకూ పుట్టిన జాతి. పంపరపనస కూడా వద్దు. వాటిలో ఉండే పదార్థాలు మందును అరగదీసే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ను దెబ్బతీస్తాయి, మందు ఒంట్లో ఎక్కువైపోతుంది. మన చీనీ, సాతగుడి అంటామే, అది తియ్య నారింజ జాతి. ఆ హెచ్చరికలో అది లేదు. అయినా కొత్త మందు మొదలుపెట్టేటప్పుడు డాక్టరు గారిని ఒక మాట అడిగి తాగండి.

హంద్రీ కోడర్, బెంగళూరు (సొంతూరు కర్నూలు)
గురువారం, రాత్రి 10:30

నాది సాఫ్ట్‌వేర్. ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో నోబెల్ వచ్చింది కదా, 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు ఉచితంగా ఉన్నాయి. ఇక క్రిస్టల్ ఎందుకు? మంచి ఏఐ మోడల్ పెట్టి కోటి అణువులు స్కాన్ చేస్తే పని అయిపోదా? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను, ఈ రంగంలోకి రావాలని ఉంది.

కడప కెమిస్ట్
గురువారం, రాత్రి 11:40

రా, నీలాంటివాళ్ళు కావాలి. ఆల్ఫాఫోల్డ్ నేను వారానికి రెండు మూడుసార్లు వాడతాను. క్రిస్టల్ లేని ప్రొటీన్‌కు అది పెద్ద దిక్కు. కానీ ఆ 20 కోట్ల ఆకారాల్లో నీటి అణువులు ఉండవు, జింకు లాంటి లోహాలు ఉండవు, మందు ఉండదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసిన ఫొటో లాంటిది. 2024లో వచ్చిన మూడో వెర్షన్ చిన్న అణువులను కూడా పెట్టి చూపిస్తుంది, అక్కడా కంటితో సరిచూసుకోవాలి.

కేరాస్ కథ చూడు. చాలా క్యాన్సర్లలో దెబ్బతినే ప్రొటీన్ అది. పైన పట్టుకోవడానికి గుంట లేదని, మందు పనిచేయదని దశాబ్దాలు అందరూ వదిలేశారు. 2013లో కెవాన్ షోకాట్ ల్యాబ్ వాళ్ళు 12వ స్థానంలో గ్లైసిన్ బదులు సిస్టీన్ వచ్చిన రకాన్ని తీసుకుని, ఆ సిస్టీన్‌కు గొలుసు వేసినట్టు అతుక్కునే అణువులు వెతికారు. అణువు అతుక్కున్నాక క్రిస్టల్ తీస్తే అంతకుముందు ఏ స్ట్రక్చర్‌లోనూ కనిపించని గుంట తెరుచుకుని ఉంది. 2021లో సోటోరాసిబ్ మందుగా వచ్చింది. ఖాళీ ఇంటి ఫొటోలో ఆ గది లేనే లేదు.

అతుక్కోవడంతోనూ పని అయిపోదు. మా దగ్గర ఒక అణువు 4 నానోమోలార్ దాకా వచ్చింది. మూడేళ్ళ పని. గుండెలోని హెర్గ్ అనే పొటాషియం ఛానల్‌ను కూడా పట్టుకుంటోందని తేలింది. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందును అమెరికా మార్కెట్ నుంచి తీసేయించిందీ ఈ ఛానలే. కొవ్వును ఇష్టపడే వలయాలు, వాటితో పాటు ఒక క్షార నైట్రోజన్, హెర్గ్‌కు ఇష్టమైన ఆకారం అదే. మేం నైట్రోజన్ తీసేస్తే అసలు ప్రొటీన్‌కు అతుక్కోలేదు, ఉంచితే గుండెకు ముప్పు. ఆపేశాం. ఆ రోజు ల్యాబ్‌లో ఎవరూ టిఫిన్‌కు లేవలేదు.

చీనీతోట, అనంతపురం
ఆదివారం, సాయంత్రం 5:10

అప్‌డేట్. చిన్న బాక్స్‌తో 42నూ మళ్ళీ చేశాను. ఒక్కోదాన్నీ తెరిచి, తిప్పి చూశాను, రెండు రోజులు పట్టింది. ఎస్-1 గుంట నిండాలి, గ్లుటమేట్లలో ఒక్కదానికైనా బంధం ఉండాలి అని పెట్టుకుంటే 5 మిగిలాయి. రూటిన్ లేదు. మిగిలినవాటిలో పసుపులోని కర్క్యుమిన్ కూడా ఉంది.

గైడ్‌కు చెప్పడానికి భయం వేసింది. పాత పోజ్, కొత్త పోజ్ రెండు బొమ్మలూ పక్కపక్కన ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టాను. చాలాసేపు చూశారు. తర్వాత "పట్టికలు మళ్ళీ వెయ్యి, పాత పద్ధతి ఎందుకు తప్పో కూడా ఒక అధ్యాయం రాయి" అన్నారు. నెల రోజులు ఎక్కువ టైం ఇచ్చారు.

ఈ ఐదింటినీ నిజంగా ల్యాబ్‌లో చూడాలని ఉంది. మా దగ్గర సౌకర్యం లేదు.

బురుజు మాస్టారు, కర్నూలు
ఆదివారం, రాత్రి 7:00

డీపీపీ-4కు పరీక్ష కష్టమైనది కాదమ్మా. గ్లైసిన్, ప్రోలిన్ రెండూ కలిపి చివర పారా నైట్రో అనిలైడ్ తగిలించిన పదార్థం దొరుకుతుంది. ఎంజైమ్ దాన్ని తుంచితే పసుపు రంగు విడుదలవుతుంది. 405 నానోమీటర్ల దగ్గర కొలవాలి. నీ అణువు ఎంజైమ్‌ను ఆపితే పసుపు తగ్గుతుంది. ఎంజైమే ఖరీదు, కొద్దిగానే తెప్పించుకోవాలి.

కర్క్యుమిన్‌తో మాత్రం జాగ్రత్త. అదే పసుపు. 425 దగ్గర వెలుగును బాగా పీలుస్తుంది, 405 దగ్గర కూడా తక్కువేం కాదు. ఏ రంగు ఎంజైమ్‌దో, ఏ రంగు పసుపు కొమ్ముదో నీకు తెలియదు.

కడప కెమిస్ట్
ఆదివారం, రాత్రి 7:40

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. కర్క్యుమిన్ పరీక్షల్ని చాలా రకాలుగా మోసం చేస్తుందని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వివరంగా రాశారు. దాన్ని పక్కన పెట్టు, నాలుగు చాలు. మిగతా నాలుగింటినీ రెండుసార్లు చెయ్యి, ఒకసారి మామూలుగా, ఒకసారి 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలిపి. కొన్ని అణువులు నీళ్ళలో ఉండలు కట్టి ఎంజైమ్‌ను ఉత్తినే చుట్టేస్తాయి, పాకెట్‌లో కూర్చోవు. డిటర్జెంట్ కలపగానే ఆ ఉండలు విడిపోతాయి, ప్రభావం మాయమవుతుంది. మాయం కానిదే నీది. పక్కన సిటాగ్లిప్టిన్ తప్పకుండా పెట్టు. అది 18 నానోమోలార్ దగ్గరగా రాకపోతే పరీక్షలోనే లోపం ఉన్నట్టు.

ఆదోని అక్క
ఆదివారం, రాత్రి 8:15

శుక్రవారం డాక్టరు గారిని కలిశాం. కాగితం చూపించాను. "ఇవి ఎవరు రాశారమ్మా?" అని అడిగి, కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ముందు గుండె పరీక్షలు చేయించి రమ్మన్నారు, తర్వాత రెండిట్లో ఏదో నిర్ణయిస్తారు. చీనీ రసం తాగొచ్చన్నారు.

బురుజు మాస్టారు, కర్నూలు
ఆదివారం, రాత్రి 9:00

మంచి మాట అక్కా.

అమ్మా చీనీతోటా, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇక్కడ ఒక ల్యాబ్ చూస్తోంది. ఇప్పుడే ఫోన్‌లో మాట్లాడాను. రంగు కొలిచే ప్లేట్ రీడర్ గురువారం ఖాళీ. మీ గైడ్ ఉత్తరం ఒకటి తీసుకుని పొద్దున బస్సుకు రా. నాలుగు అణువులూ డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, చిన్న గొట్టాల్లో పేర్లు రాసి తీసుకురా. దారిలో ఎండ తగలకుండా ఐసు డబ్బాలో పెట్టుకో. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

చీనీతోట, అనంతపురం
ఆదివారం, రాత్రి 9:12

వస్తాను సార్. ఐదో గొట్టంలో నాయన మాత్ర పొడిచేసి తేవచ్చా, లేక శుద్ధమైన సిటాగ్లిప్టిన్ కొనాలా?

కడప కెమిస్ట్
ఆదివారం, రాత్రి 9:20

శుద్ధమైనదే కావాలి, మాత్రలో మందుతో పాటు వేరే పొడులు ఉంటాయి. నువ్వు కొనకు. మా దగ్గర నుంచి అడిగి, కాగితాలతో సహా మాస్టారి చిరునామాకు పంపే ఏర్పాటు చేస్తాను.